విలాస కార్లు: మూడేండ్ల మెరుగు

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి మనదేశమున పెద్దకార్లపై వస్తుసేవల పన్ను 40 శాతముగా స్థిరపరుపబడినది. అంతకుముందు పన్నును, దానిపై సెస్సును గలిపి కొన్ని తరగతుల బండ్లకు 50 శాతమువరకు చెల్లింపవలసియుండెను. పన్ను తగ్గినప్పుడు విలాస కార్ల షోరూములలో సందడి హెచ్చుట సహజము. హైదరాబాదు చుట్టుపట్ల గ్రామములలోను, అమరావతి ప్రాంతమునందును భూముల వెలలు పెరిగినపిదప ఎకరమో అరయెకరమో విక్రయించి, జర్మనీ పేరుగల కారును దెచ్చి వాకిట నిలిపిన కుటుంబములు పెక్కు గలవు. మా పాఠకులలోను అట్టివా రుందురు. వారిని ఆక్షేపించుట మా యుద్దేశము గాదు. కాని తాతలనాటి పొలము మనుమలవరకు నిలిచినది. దానిని అమ్మి కొనిన బండి యెన్నియేండ్లు నిలుచునని అడుగుట మా విధి యని తలంచుచున్నాము.

ముప్పది నలువదియేండ్ల క్రింద నైనచో ఈ ప్రశ్నకు సమాధానము సులభముగా నుండెడిది. హెచ్చు వెల యిచ్చినవానికి హెచ్చు మన్నిక లభించెడిది. ఖరీదైన కారనగా దీర్ఘకాలము నడచు కారని లోకము నమ్మెను. ఆ నమ్మకమునకు ఆధారమును ఉండెను. నేడు వెల పెరిగినది, వేగము పెరిగినది, లోపలి సౌఖ్యములు పెరిగినవి. పదియేండ్లు దాటినపిదప ఆ బండిని నిలుపుకొనుట మాత్రము కలిగినవారికిని భారమగుచున్నది. ఈ మార్పు ఎట్లు వచ్చినది, దానివలన నష్టపడువా రెవరు, ప్రతిక్రియ యేమి యని విచారింపవలసియున్నది.

మొదట వెనుకటి ప్రమాణము నెరుగుట యావశ్యకము. 1907వ సంవత్సరమున ఇంగ్లండులో రోల్స్-రాయిస్ కంపెనీవారు తమ 40/50 అశ్వబలపు కారు నొకదానిని బహిరంగపరీక్షకు బెట్టిరి. ఆ కారునకు ‘సిల్వర్ ఘోస్టు’ అని పేరు. తరువాత ఆ తరగతి కార్లన్నిటికిని ఆ పేరే నిలిచినది. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి పర్యవేక్షణమున లండను, గ్లాస్గో నగరముల నడుమ దానిని మరల మరల నడపిరి. మొదట నొకసారి అదరుటచేత పెట్రోలు కుళాయి తానై మూసికొని బండి యాగినది. అటుపిమ్మట 14,371 మైళ్ళు, అనగా 23,000 కిలోమీటర్లకు పైగా, తానై ఆగక నడచినది. పరీక్ష ముగిసినపిదప బండిని విప్పి చూచి, అరిగిన భాగములను మార్చి క్రొత్తదానివలె జేయుటకు రెండు పౌన్ల పైచిల్లర చాలునని లెక్కవేసిరి. ఆ రోడ్లపై ఆ నాటి యంత్రమునకు ఇది యసామాన్యమైన సాధనము. ఆ కంపెనీ కీర్తికి పునాది ఆ దినమున పడినది. విలాసమునకు మన్నికయే గీటురాయియని అప్పటి తయారీదార్లు స్వయముగా ఒప్పుకొనిరి.

ఆ సంప్రదాయమును తరువాతి తరమున నిలిపినవారు జర్మనీలోని మెర్సిడిస్-బెంజ్ కంపెనీవారు. 1976 మొదలుకొని 1985 ప్రాంతమువరకు వారు చేసిన డబ్ల్యు 123 తరగతి కార్లు సుమారు 27 లక్షలు అమ్ముడుపోయినవి. వానిలో డీజిలు కార్లు నెమ్మదిగా నడచెడివి; ఎత్తెక్కునపుడు లారీలే దాటిపోయెడివి. అయినను అవి జర్మనీలో టాక్సీలుగా నరిగి, పిమ్మట ఆఫ్రికాకు జేరి, మొరాకో దేశపు రోడ్లపై మరల దశాబ్దముల కొలది కిరాయికి నడచినవి. వానికంటె ముందటి తరగతికి జెందిన 1976 నాటి 240 డి కారు నొకదానిని గ్రీసుదేశపు టాక్సీయజమాని యొకడు 46 లక్షల కిలోమీటర్లు నడపి, 2004లో ఆ కంపెనీవారి ప్రదర్శనశాలకే సమర్పించెను.

ఈ యుదాహరణమునందు గమనింపవలసిన సంగతి యొకటి గలదు. అన్ని లక్షల కిలోమీటర్లలో ఆ బండికి ఇంజను పలుమారులు మార్చిరి. చెడనిబండి లోకమున లేదు. చెడినభాగమును విప్పి, బాగుచేసి, తిరిగి బిగించినచో బండి యెప్పటివలె నడచెడిది. అందులకగు ఖర్చు బండి వెలకు లోబడియుండెడిది. మన పల్లెల వడ్రంగి ఇరుసు మార్చినచో బండి మరి యిరువదియేండ్లు నడచినట్లే యిదియును. మన్నిక యనగా బాగుచేయుటకు వీలైన గట్టితనము. ఈ రెండింటిలో నొకటి పోయినను రెండవది నిలువదు. నేటి విలాస కార్లలో రెండును సడలుచున్నవని మా యభిప్రాయము.

మార్పునకు ఆరంభము 1989లో జరిగినదని చెప్పవచ్చును. ఆ యేట జపానులోని టొయోటా కంపెనీ ‘లెక్సస్’ అను క్రొత్తపేరుతో ఎల్.ఎస్. 400 అను కారును అమెరికాలో ప్రవేశపెట్టెను. 1983లో కంపెనీ పెద్దయైన ఎయిజి టొయోడా లోకమున కెల్ల మేలైన కారును చేయుడని తన యింజనీర్లను ఆదేశించగా, ఆరేండ్ల పరిశ్రమకు ఫలితముగా నది వెలువడెను. దాని వెల 35,000 డాలర్లు. జర్మనుల పెద్దకార్ల వెల దానికి చాల మీద నుండెను. అమ్మకము ప్రారంభమైన కొన్నినెలలకే యేవో స్వల్పదోషములు బయటపడగా, అమ్మిన 8,000 కార్లను వారాలలో పిలిపించి సరిచేసిరి. ఆ కార్లు నేటికిని చాల చోట్ల సజావుగా నడచుచున్నవి. తక్కువ వెలకు హెచ్చు మన్నిక నీయవచ్చునని ఒక కంపెనీ చేసి చూపినది.

జర్మను కంపెనీలకు ఇది పిడుగుపాటైనది. అంతవరకు బండి యెట్లుండవలెనో ఇంజనీర్లు నిర్ణయించిన తరువాత వెల కట్టుట వాడుక యని చెప్పుదురు. ఇకమీదట అంగడి వెలను ముందు నిర్ణయించి, దానికి లోబడునట్లు బండిని చేయుట మొదలైనది. పొదుపు చేయుట తప్పు గాదు. ఏ భాగమున పొదుపు చేసిరన్నదే ప్రశ్న. 1990 తరువాతి కొన్నియేండ్ల మెర్సిడిస్ కార్లలో ఇంజనులోని వైర్లపై తొడుగు వేడికి పెళుసై రాలిపోవుట బయల్పడినది. 1995లో వచ్చిన ఇ-క్లాసు కార్ల రేకులకు త్రుప్పు పట్టుట లోకప్రసిద్ధమైనది. కొనినవానికి మొదటి దినమున కంటబడని చోటులలోనే యీ లోపములు దాగియుండెనని పాఠకులు గమనింతురుగాక. తోలుసీట్లలోను, రంగులోను, తలుపు మూసినప్పటి చప్పుడులోను ఎట్టి లోపమును లేకుండెను. పైన పటారం, లోన లొటారం అను మన సామెత యిట్టి సందర్భమునకే పుట్టినది.

పొదుపుతో బాటు చిక్కులును పెరిగినవి. 2001లో మెర్సిడిస్‌వారు బ్రేకును కాలి యొత్తిడిచే గాక కంప్యూటరుద్వారా పనిచేయించు పద్ధతిని తమ ఎస్.ఎల్. కారులో ప్రవేశపెట్టి, తరువాత ఇ-క్లాసుకును విస్తరింపజేసిరి. 2004 మే మాసమున ఈ బ్రేకుల నిమిత్తము 6,80,000 కార్లను వెనుకకు పిలిపింపవలసివచ్చెను. 2005 మార్చిలో బ్రేకులకును, విద్యుత్ భాగములకును సంబంధించిన లోపములకై 13 లక్షల కార్లను పిలిపించిరి. 2006లో ఇ-క్లాసు కార్లకు మరల పూర్వపు పద్ధతి బ్రేకులనే యమర్చిరి. నూరేండ్లుగా నమ్మకముగా పనిచేయుచున్న పరికరమును తీసివేసి, తమ కొనుగోలుదార్లమీద ప్రయోగము చేసి, అయిదేండ్లకు మరల తొలిచోటికే వచ్చిరి. ఈ ప్రయోగమునకు ఖర్చు కొంత కంపెనీ భరించెను. తక్కినది బండి పాతదైనపిదప కొనినవారు భరించిరి.

ఇతర కంపెనీలును ఇట్లే నడచినవి. బి.ఎం.డబ్ల్యు. వారు 2008లో ఎన్ 63 అను ఎనిమిది సిలిండర్ల ఇంజనును తెచ్చిరి. ఇంజను రెండు పార్శ్వముల నడుమ, మిక్కిలి వేడిమి చేరుచోట, రెండు టర్బోచార్జర్లను కూర్చిరి. స్థలము కలిసివచ్చినది, బలము పెరిగినది. చుట్టునున్న రబ్బరు గొట్టములు, సీళ్ళు, వైర్లు ఆ వేడికి త్వరగా పాడైనవి. నూనె త్రాగుట హెచ్చినది. 2014 డిసెంబరులో అమెరికాలో ఆ కంపెనీ ప్రత్యేక కార్యక్రమమును ప్రకటించి, టైమింగ్ చైను మొదలు బ్యాటరీవరకు పరిశీలించి మార్చుటకు పూనుకొనెను. నూనె మార్చు గడువును 15,000 మైళ్ళనుండి 10,000 మైళ్ళకు తగ్గించెను. ఆడి కంపెనీవారు 2003 ప్రాంతమున తమ ఎస్ 4 కారులో టైమింగ్ చైనును ఇంజను వెనుకభాగమున, గేరుబాక్సు ప్రక్కను అమర్చిరి. ఆ చైనును కాచు ప్లాస్టికు పట్టీలు అరిగినచో ఇంజనునే బయటికి దీయవలెను. చిన్నభాగము చెడినప్పుడు పెద్దయంత్రమును దింపవలసినట్లు నిర్మించుట యేమి యింజనీరింగు? బండి కర్మాగారములో ఎంత త్వరగా బిగియునో చూచుకొనిరి. పదియేండ్లకు షెడ్డులో ఎట్లు విప్పవలెనో చూడలేదు.

ఇది గతించిన కథ యనుటకు వీలులేదు. 2024 సెప్టెంబరులో, కాంటినెంటల్ కంపెనీ సరఫరా చేసిన బ్రేకుభాగములలో లోపము బయటపడుటచే, 15 లక్షలకు పైగా కార్లు తమకు సమస్యగా పరిణమించినవని బి.ఎం.డబ్ల్యు. ప్రకటించి, ఆ యేటి లాభముల యంచనాను తగ్గించుకొనవలసివచ్చెను. నమ్మకమునకు పేరుగన్న టొయోటాయును తప్పించుకొనలేదు. క్రొత్త ఆరుసిలిండర్ల టర్బో ఇంజనులో తయారీనాటి లోహపురజను మిగిలిపోయి బేరింగులను చెరచుటచే, 2024లో లెక్సస్ ఎల్.ఎక్స్. బండ్లతో సహా సుమారు లక్ష వాహనములను పిలిపించిరి. కావున ఇది యొక జాతి లోపమనియు, ఒక కంపెనీ లోపమనియు మేము భావించుట లేదు.

ఎదుటిపక్షపు వాదమును గూడ న్యాయముగా వినవలెను. నేటి కార్లు మొత్తముమీద చెడ్డవైనవనుట సత్యము గాదు. అమెరికా రోడ్లపై తిరుగు వాహనముల సగటు వయస్సు 2025 నాటికి 12.8 ఏండ్లకు పెరిగినది. కార్లన్నియు త్వరగా పాడైపోవుచున్నచో ఇట్లు జరుగదు. ప్రమాదమున మనుష్యుని కాపాడుటలో నేటి బండికిని 1976 నాటి బండికిని పోలికయే లేదు. పొగ తగ్గినది. త్రుప్పు చాలవరకు జయింపబడినది. మామూలు కుటుంబములు వాడు సాదా కారు ఏండ్లతరబడి నడచుచుండగా, దానికి మూడు నాలుగు రెట్లు వెలగల కారే వయస్సు మీరినకొలది యజమానుని పీడించుచున్నది. పూర్వపు న్యాయము తలక్రిందులైనది. మేము శోచనీయమనుచున్నది దీనినే.

అమెరికాలో జె.డి. పవర్ అను సంస్థ యేటేట మూడేండ్ల వయస్సుగల కార్ల యజమానులను విచారించి లోపములను లెక్కించును. నూరు వాహనములకు సగటున 2024లో 190 లోపములు తేలగా 2025లో అవి 202కు పెరిగినవి. ఇందు ఫోను కలియకపోవుట, తెర పనిచేయకపోవుట వంటి చిల్లర చిక్కులే పెద్దపాలు. ఆ పట్టికలో 2023 మొదలు 2025 వరకు వరుసగా మొదటిస్థానము లెక్సస్‌కే లభించినది. విలాసమును మన్నికను ఏకకాలమున సాధింపవచ్చుననుటకు ఇదియే ప్రబలసాక్ష్యము. సాధింపలేకపోవుట విధివిలాసము గాదు. కంపెనీ చేసికొనిన నిర్ణయము. అయితే యీ లెక్కయు మూడేండ్లతోనే యాగుచున్నది. నాలుగవ యేటనుండి పదునైదవ యేటివరకు బండి గతి యేమైనదో ఈ పట్టిక చెప్పదు.

ఆ మూడేండ్ల లెక్కలోనే ఈ వ్యాధికి మూలమున్నది. అమెరికాలోను యూరపులోను క్రొత్త విలాస కార్లలో పెద్దభాగము లీజుమీదనో, కంపెనీల పేరనో రోడ్డెక్కుచున్నవి. మూడేండ్లు వాడి, తిరిగి యప్పగించి, మరియొక క్రొత్తబండి నెక్కుదురు. అమెరికాలో జర్మను కంపెనీలు సాధారణముగా నిచ్చు వారంటీ నాలుగేండ్లు లేక 50,000 మైళ్ళు. మన పల్లెలలో ఏడాది కౌలునకు పొలము పట్టినవాడు దానికి చెరువుమట్టి తోలించునా? గట్లు పోయించునా? ఆ యేటి పంట చేతికి వచ్చుటయే అతని చింత. నేల సారము తరువాతివాని తలనొప్పి. అతడు దుర్మార్గుడు గాడు, ఒడంబడిక యట్టిది. నేటి విలాస కారు కౌలుదారుకొరకు చేయబడిన పొలమువంటిది. మూడేండ్ల పంట బాగుగా వచ్చునట్లు కంపెనీ జాగ్రత్తపడును. నాలుగవ యేట దానిని కొనువాడు ఎవడో కంపెనీకి దెలియదు. వానికి జవాబుదారియు గాదు.

ఇందులకు నిదర్శనము గేరుబాక్సు నూనె. బి.ఎం.డబ్ల్యు. వారు తమ కార్లలోని ఆటోమాటిక్ గేరుబాక్సు నూనె జీవితకాలము మార్చనక్కరలేనిదని చెప్పుచువచ్చిరి. ఆ గేరుబాక్సులలో పెక్కింటిని చేసిన జెడ్.ఎఫ్. కంపెనీవారే 80,000 నుండి 1,20,000 కిలోమీటర్లకు, లేక ఎనిమిదేండ్లకు నూనె మార్చుడని సలహా యిచ్చిరి. ‘జీవితకాలము’ అను మాటకు అర్థ మెవరి జీవితమో కొనువాడు విచారించుకొనవలెను. అట్లే వోక్స్‌వ్యాగన్ వర్గపు కార్లలో 30,000 కిలోమీటర్లవరకు ఇంజను నూనె మార్చనక్కరలేని పద్ధతి వచ్చినది. లీజుదారునకు ఇది పొదుపు; సర్వీసు ఖర్చు తగ్గినదని ప్రకటించుకొనుటకు కంపెనీకి వీలు. మురికినూనెతో అరిగిన ఇంజను రెండవ యజమానుని వంతు.

ఎయిరు సస్పెన్షన్ సంగతియు నిట్టిదే. 1998లో మెర్సిడిస్ ఎస్-క్లాసునకు వచ్చిన ఈ యేర్పాటున స్టీలు స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరుసంచులు బండిని మోయును. ప్రయాణము పూలపానుపువలె నుండును. రబ్బరునకు మాత్రము ఆయుర్దాయము గలదు. సంచి పగిలి గాలి కారినకొలది దానిని నింపు పంపు విశ్రాంతిలేక పనిచేసి కాలిపోవును. ఒక తెల్లవారుజామున బండి ఒక ప్రక్కకు కుంగి వాకిట కనబడును. మన గుంతలరోడ్లకు, వేసవియెండకు ఈ యాయుర్దాయము ఎంత తగ్గునో వేరుగ చెప్పనేల?

కంపెనీలు ప్రభుత్వములమీదను నేరము మోపుదురు. అది కొంతవరకు నిజమే. ఐరోపాసమాఖ్యలో క్రొత్తకార్ల సగటు బొగ్గుపులుసు వాయువు కిలోమీటరునకు 95 గ్రాములకు మించరాదను లక్ష్యము 2020లో అమలునకు వచ్చినది. పెద్ద ఇంజను స్థానమున చిన్న ఇంజను పెట్టి, టర్బోచార్జరుతో దానినుండి పెద్దబలమును పిండవలసివచ్చినది. ఒత్తిడియు వేడియు పెరిగినవి. కాని చట్టము గేరుబాక్సు నూనెను మార్చవద్దని చెప్పలేదు. చైనును ఇంజను వెనుక దాచుమని చెప్పలేదు. సీటును వేడిచేయు పరికరమును బండిలో బిగించియుంచి, దానిని వాడుకొనుటకు నెలనెల చందా కట్టుమనియు చెప్పలేదు. ఇట్టి చందాను బి.ఎం.డబ్ల్యు. 2022లో కొన్నిదేశములలో పెట్టి, జనులు ఛీకొట్టగా 2023లో విరమించుకొనెను. జనులు పట్టుబట్టినచో కంపెనీ దిగివచ్చుననుటకు ఇది చిన్న నిదర్శనము.

ఇప్పుడు మన చోటికి వత్తము. మెర్సిడిస్-బెంజ్ 1990 దశకపు నడుమ పూనాలో, బి.ఎం.డబ్ల్యు. 2007లో చెన్నపట్టణమునొద్ద కార్లను కూర్చుట ప్రారంభించినవి. వానితోబాటు పాత విలాస కార్ల వ్యాపారమును మన నగరములలో పెరిగినది. క్రొత్తనాడు అరువది డెబ్బది లక్షలు పలికిన కారు, ఏడెనిమిదేండ్లకు మామూలు క్రొత్తకారు వెలకే దొరకుచున్నది. కొనువాడు పేరును చూచి పొంగును. కాని వెల తరిగినది బండికే. స్పేరుపార్టుల వెల క్రొత్తనాటిదే, లేక యింకను పెరిగినది. డెబ్బది లక్షల బండికి తగిన వైద్యపు ఖర్చును పదునైదు లక్షలకు కొనినవాడు భరింపవలెను. తెల్లయేనుగును చౌకగా కొనవచ్చును గాని చౌకగా మేపలేము.

బాగుచేయగల చేతులు మనకు లేవా? విజయవాడ ఆటోనగరున లారీ ఇంజనును ముక్కముక్కలుగా విప్పి మరల ప్రాణము పోయగల పనివారు వేలకొలది గలరు. అట్టి నిపుణుడు నేటి విలాస కారు ముందు చేతులు ముడిచి నిలువవలసివచ్చుచున్నది. భాగమును బిగించుట యతనికి వచ్చును. బిగించిన భాగమును బండిలోని కంప్యూటరు గుర్తించుటకు కంపెనీవారి సాఫ్టువేరు కావలెను. అది యతని చేతికి రాదు. బండి మనది, డబ్బు మనది, పనివాడు మనవాడు. తాళపుచెవి మాత్రము కంపెనీయొద్ద నున్నది. మన్నిక తగ్గుటకంటెను ఇది పెద్ద అన్యాయమని మేము తలంచుచున్నాము. ఏలయన, బాగుచేసికొను స్వేచ్ఛ యున్నచో లోపములుగల బండినైనను మన పనివారు ఏలాగో నడిపింతురు.

ఈ యన్యాయము మన దేశమున గుర్తింపబడకపోలేదు. 2014 ఆగస్టు 25వ తేదీన కాంపిటిషన్ కమిషన్, స్పేరుపార్టులను, పరీక్షాపరికరములను స్వతంత్ర మెకానికులకు అందనీయకున్నవను కారణమున, 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించెను. ఆ జాబితాలో మెర్సిడిస్-బెంజ్, బి.ఎం.డబ్ల్యు. వారితోబాటు మన దేశీయ కంపెనీలును గలవు. అటుపిమ్మట వ్యవహారము అప్పీళ్ళకెక్కినది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖవారు బాగుచేసికొను హక్కునుగూర్చి యొక సంఘమును నియమించి, ఫోనులు, గృహోపకరణములు, వ్యవసాయ పరికరములతోబాటు వాహనములను గూడ దాని విచారణలో జేర్చిరి; ఆ డిసెంబరులో ఒక పోర్టలును దెరచిరి. సంఘముతోను, పోర్టలుతోను పని ముగియదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున 2012లో ప్రజలే యోటు వేసి ఈ హక్కును చట్టముగా సాధించిరి. 2020లో మరల నోటు వేసి దానిని విస్తరింపజేసిరి. అక్కడి ప్రజలకు చెల్లిన న్యాయము ఇక్కడి ప్రజలకు చెల్లకపోవుటకు కారణము గనబడదు.

కావున మేము కోరునది మూడు. మొదటిది, ప్రతికంపెనీయు తన బండికి ఎన్నియేండ్లు స్పేరుపార్టులు దొరకునో అమ్మునాడే వ్రాతమూలకముగా తెలుపవలెను. రెండవది, సర్వీసు పుస్తకములును, పరీక్షించు సాఫ్టువేరును తగిన వెలకు స్వతంత్ర మెకానికులకు లభింపవలెను. మూడవది, నూనె గడువులు మొదలగువానిని వారంటీ ముగియువరకు గాక, పదునైదేండ్ల వాడుకకు తగినట్లు ప్రకటింపవలెను. ఇవి కంపెనీలను ముంచు కోరికలు గావు. తన సరుకుపై నమ్మకముగల వర్తకుడు వీనిని సంతోషముగా నంగీకరించును.

విద్యుత్ కార్లు వచ్చిన వెనుక ఈ గొడవ యుండదని కొందరందురు. వానిలో కదలు భాగములు తక్కువ యనుట వాస్తవము. మెర్సిడిస్ ఇ.క్యు.ఎస్. కారు బ్యాటరీకి పదియేండ్లు లేక 2,50,000 కిలోమీటర్ల హామీ యిచ్చుట మెచ్చదగినది. కాని బ్యాటరీ యొక్కటియే బండి గాదు. జర్మనీలోని తనిఖీసంస్థ ట్యూవ్ 2024 నివేదికలో, రెండు మూడేండ్ల కార్లలో 14.7 శాతము లోపములతో టెస్లా మోడల్ 3 చిట్టచివర నిలిచినది. బ్రేకులు, సస్పెన్షను, దీపములు విద్యుత్ బండికిని ఉండును. సాఫ్టువేరు దానిలో మరింత హెచ్చు. తాళపుచెవి యెవరియొద్ద నుండవలెనను ప్రశ్న అక్కడ ఇంకను తీవ్రమగును.

ప్రభుత్వము మేల్కొనువరకు కొనువారు తమ జాగ్రత్తలో తాముండవలెను. క్రొత్తరకపు ఇంజను వచ్చిన తొలియేటనే తొందరపడి కొనరాదు; రెండు మూడేండ్లలో దాని గుణము బయటపడును. పాతబండిని కొనువాడు మెరుగును విడిచి సర్వీసు చిట్టాను చూడవలెను; గేరుబాక్సు నూనె యెప్పుడు మార్చిరని అడుగవలెను; స్వతంత్రుడైన మెకానిక్ చేత పరీక్ష చేయింపక బయానా యీయరాదు. బండి వెలతోబాటు, ఏటేట మరమ్మతునకు వేరుగ సొమ్ము నుంచుకొనవలెను. అది లేనివాడు ఆ పేరుపై నాశ మానుకొనుట మేలు. అన్నిటికంటె ముఖ్యముగా, వెలను కట్టునప్పుడు వాడదలచిన యేండ్లతో దానిని భాగించి చూడవలెను. అట్లు చూచినపుడు చాల చౌకబేరములు చౌకగా కనబడవు. సాదా బండ్లు కొన్ని గౌరవముగా గోచరించును.

భూమిని కొనునపుడు మన రైతు నేల పిడికెట దీసి నలిపి చూచును, నీటివసతి విచారించును, సరిహద్దులు కొలిపించును, వెనుకటి దస్తావేజులు చదివించును. ఆ భూమి నమ్మి బండి కొనునపుడు ఈ వివేకమంతయు షోరూము గాజుతలుపు వెలుపలనే నిలిచిపోరాదు. కౌలుదారుకొరకు చేసిన వస్తువును సొంతదారుడై కొనువాడు తన సొంతదారుతనమునకు తగిన హామీని అడిగి తీసికొనవలెను. అడుగువారు పెరిగిన దినమున కంపెనీలు మరల 1907 నాటి పరీక్షకు సిద్ధపడకతప్పదు.